నలుపు ఎక్కడ వెలిసిపోతోంది?

(విజయవాడలో పెళ్లి వీడియో ఎడిటర్ల కోసం జరిగిన ఒకరోజు శిక్షణలో మధ్యాహ్నం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాయి కదా. ముందు వరసలో లైట్లు కొంచెం తగ్గించండి. ఇవాళ మాట్లాడేది నలుపు గురించి, అది వెలుగులో కనపడదు.

కొన్నేళ్ల కిందటి సంగతి చెప్తాను. గుంటూరులో ఒక రిసెప్షన్. ప్రీ వెడ్డింగ్ పాట ఎడిటింగ్, కలర్ రెండూ నావే. సూర్యలంక బీచ్‌లో పొద్దుగూకే వేళ తీశాం. అబ్బాయికి నల్ల సూటు, అమ్మాయికి ముదురు నీలం పట్టుచీర, జడ నిండా మల్లెపూలు. మూడు రోజులు కూర్చుని కలర్ చేశాను. నా మానిటర్ మీద ఆ సూటు కాటుకలా ఉంది. సాయంత్రం ఏడింటికి ఫంక్షన్ హాల్లో ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి ఎల్‌ఈడీ గోడ మీద ప్లే చేశాం. సూటు బూడిదరంగులో ఉంది. సముద్రం మీద పాలు ఒలికినట్టుంది. అమ్మాయి ముఖంలో కళ లేదు. రంగులన్నీ నాలుగుసార్లు ఉతికిన బట్టలా ఉన్నాయి.

నాకు టెన్షన్ మొదలైంది. స్టేజీ మీదికి పెళ్లివాళ్లు రావడానికి ఇంకా అరగంట ఉంది. వెనక గదిలోకి వెళ్లి, ప్రాజెక్ట్ తెరిచి, కాంట్రాస్ట్ పెంచాను, బ్లాక్స్ బాగా కిందికి లాగాను, మళ్లీ ఎక్స్‌పోర్ట్ కొట్టాను. గోడ మీద వేసి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. అదే ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంటివాళ్లకు ఇచ్చాను.

రెండు వారాలకు అమ్మాయి తండ్రి ఫోన్ చేశారు. "బాబూ, టీవీలో చూస్తుంటే మా అమ్మాయి జడ కనపడట్లేదు. అంతా నల్లటి ముద్దలా ఉంది. మల్లెపూలు గాల్లో వేలాడుతున్నట్టున్నాయి" అన్నారు. కోప్పడలేదు, అడిగారంతే. నేను పాత ప్రాజెక్ట్ తెరిచి చూశాను. మొదటి ఫైల్లో జడ పాయ పాయగా ఉంది. మొదటి ఫైలు సరైనదే. చెడింది ల్యాప్‌టాప్‌కీ ఎల్‌ఈడీ గోడకీ మధ్యన. జబ్బు కేబుల్లో ఉంటే మందు ఫైలుకు వేశాను. గోడ ఆ రాత్రే విప్పేశారు. నేను వేసిన మందు మాత్రం వాళ్లింట్లో ఎప్పటికీ ఉండిపోయేది.

అందుకని ఇవాళ మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. నలుపు వెలిసిపోయిందని అనిపించగానే రంగులు దిద్దే కలర్ వీల్ మీద చెయ్యి వేయకండి. అది ఎక్కడ వెలిసిపోయిందో ముందు కనుక్కోండి. చాలాసార్లు ఫైలు బాగానే ఉంటుంది, దాన్ని చదివేవాడు తప్పు చదువుతుంటాడు.

ఇది అర్థం కావాలంటే పొలం లెక్క చెప్తాను. ఒక కాగితం మీద 40 అని మాత్రమే రాసి ఉందనుకోండి. తెలంగాణలో ఉన్నాయన దాన్ని 40 గుంటలని చదువుతాడు. అంటే ఎకరం. మన కృష్ణా, గుంటూరు వైపు ఆయన 40 సెంట్లని చదువుతాడు. అంటే అర ఎకరం కూడా కాదు, ఎకరంలో 100 సెంట్లు కదా. అంకె మారలేదు, కాగితం చిరగలేదు, కొలత పేరు రాయలేదంతే. వీడియో ఫైలు కూడా అలాంటి అంకెల కాగితమే. ప్రతి చుక్కకూ వెలుగెంత, రంగెంత అని అంకెలుంటాయి. ఆ అంకెలు ఏ కొలతలో ఉన్నాయో చెప్పే నాలుగు ముద్రలు ఫైల్లో పక్కన ఉంటాయి. ముద్ర లేకపోయినా, తప్పు ముద్ర పడినా, ముద్రను ప్లేయర్ పట్టించుకోకపోయినా మనకు ఈ గొడవలన్నీ వస్తాయి.

మొదటి కొలత, అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది, రేంజ్. 8-బిట్ వీడియోలో అంకెలు 0 నుంచి 255 దాకా ఉంటాయి. కంప్యూటర్‌కు నలుపంటే 0, తెలుపంటే 255. ఫొటోలు, ఫొటోషాప్, జేపెగ్ అన్నీ అంతే. టీవీ ప్రపంచం అలా కాదు. అక్కడ నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర. ఇంకా సన్నటి మెట్లుండే 10-బిట్ అయితే 64 నుంచి 940. మొదటిదాన్ని ఫుల్ అంటాం, రెండోదాన్ని లిమిటెడ్ అంటాం, కొన్ని సాఫ్ట్‌వేర్లలో వీడియో అనో లీగల్ అనో ఉంటుంది.

టీవీ వాళ్లు కింద 16, పైన 20 మెట్లు ఎందుకు వదిలేశారు? 1982లో స్టూడియో డిజిటల్ వీడియోకు 601 నంబరు సిఫారసు వచ్చింది. అప్పుడు సిగ్నల్ ఇంకా అనలాగ్‌లోంచి వచ్చేది. ఫిల్టర్ల గుండా వెళ్లినప్పుడు అంచుల దగ్గర కొద్దిగా పైకీ కిందికీ ఎగిరేది. ఆ ఎగురుడు తెగిపోకుండా రెండు వైపులా జాగా వదిలారు, పొలానికి గట్టు వదిలినట్టు. చివర్న ఉన్న 0, 255 అంకెలను లైను ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అని చెప్పే గుర్తులకు వాడుకున్నారు. మంచి ఆలోచన. ఆ తర్వాత హెచ్‌డీకి 709 వచ్చింది, 4కే కాలానికి 2020 నంబరు సిఫారసు వచ్చింది, గట్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు చూడండి. ఫైల్లో నలుపు 16 అని రాసి ఉంది. చదివేవాడు దాన్ని ఫుల్ అనుకున్నాడు. అతని లెక్కలో నలుపు 0, కాబట్టి 16 అంటే ముదురు బూడిద. తెలుపు 235 దగ్గర ఆగిపోయింది, కాబట్టి అది మాసిన తెలుపు. నల్ల సూటు బూడిదైంది, తెల్ల పంచె మాసిపోయింది. గుంటూరులో నాకు జరిగింది ఇదే. దీనికి తిరగేసిన జబ్బు ఇంకోటుంది. ఫైలు ఫుల్లో ఉంటే చదివేవాడు లిమిటెడ్ అనుకుంటాడు. 16 కంటే కిందున్నదంతా ఒకే నలుపైపోతుంది, 235 పైనున్నదంతా ఒకే తెలుపైపోతుంది. జడ ముద్దవుతుంది, తలంబ్రాల్లో గింజ గింజ కనపడదు. చాలామంది దీన్ని "మంచి కాంట్రాస్ట్ వచ్చింది" అని మెచ్చుకుంటారు. దయచేసి మెచ్చుకోకండి. అలాగే ఎక్స్‌పోర్ట్ చేసేస్తే పోయిన జడ మళ్లీ రాదు.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. ఫుల్ అంటే ఎక్కువ క్వాలిటీ, లిమిటెడ్ అంటే తక్కువ క్వాలిటీ అనుకుని చాలామంది తమ్ముళ్లు రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో, ఎక్స్‌పోర్ట్ చేసే డెలివర్ పేజీలో, డేటా లెవెల్స్‌ని ఫుల్‌కి మారుస్తున్నారు. ఎవరో వీడియోలో చెప్పారట. హెచ్.264లో గానీ హెచ్.265లో గానీ టీవీకి, ఫోనుకి, యూట్యూబ్‌కి ఇచ్చే ఫైలుకు ఆ పని చేయకండి. అందరూ ఎదురుచూసేది లిమిటెడ్. దాన్ని ఆటోలో వదిలేయండి, లేదా వీడియో అని పెట్టండి. నా వరకు నేను ఎప్పుడూ వీడియో అనే పెడతాను, ఆటోను నమ్మను.

సరే, ఎలా కనుక్కోవాలి? కంటితో కాదు. ఈ ప్రొజెక్టర్ మీద కనపడే నలుపును నేనే నమ్మను, మీరూ నమ్మకండి. ఒక 5 సెకన్ల క్లిప్ తయారు చేసుకోండి, జీవితాంతం పనికొస్తుంది. నేను ఇప్పుడు తెర మీద చేసి చూపిస్తాను. ఫొటోషాప్‌లో 1920, 1080 సైజులో ఒక బొమ్మ. నాలుగు గళ్లు. ఒకటి 0 నలుపు, ఒకటి 255 తెలుపు, ఒకటి సరిగ్గా నడిమి బూడిద, ఒకటి స్వచ్ఛమైన ఎరుపు, అంటే ఎరుపు 255, మిగతా రెండూ 0. కింద నలుపు నుంచి తెలుపు దాకా ఒక గ్రేడియెంట్ పట్టీ. దీన్ని టైమ్‌లైన్ మీద వేశాను. వెలుగు ఎంతుందో గీతల మీద చూపే వేవ్‌ఫామ్ చూడండి, నల్ల గడి 0 గీత మీద, తెల్ల గడి 100 గీత మీద. ఇప్పుడు పార్టీకి ఇచ్చే సెట్టింగ్స్‌తోనే ఎక్స్‌పోర్ట్ చేస్తున్నాను. వచ్చిన ఫైలును మళ్లీ అదే టైమ్‌లైన్లోకి తెచ్చాను. వేవ్‌ఫామ్ చూడండి. నలుపు 0 మీద, తెలుపు 100 మీద. ఫైలు ఆరోగ్యంగా ఉంది.

ఇప్పుడు కావాలని చెడగొడతాను. ఇదిగో, నలుపు 6 దగ్గరికి లేచింది, తెలుపు 92 దగ్గర ఆగిపోయింది. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. 16ని 255తో భాగిస్తే 6 చిల్లర శాతం, 235ని భాగిస్తే 92. ఈ రెండు అంకెలు కలిసి కనపడితే అది కలర్ గ్రేడ్ సమస్య కానే కాదు, రేంజ్ ఒకసారి అదనంగా నొక్కుకుపోయింది. దీనికి తిరగేసింది కూడా చూడండి. నలుపు 0 కిందికి, మైనస్ 7 దాకా దిగింది. తెలుపు 109కి ఎక్కింది. ఇది ఫుల్ ఫైలును లిమిటెడ్‌గా చదవడం. దీన్లో ఒక మంచి సంగతి ఉంది. గీత కిందికి దిగినా గ్రేడియెంట్ ఇంకా ఏటవాలుగానే ఉంది చూశారా, తెగిపోలేదు. అంటే సమాచారం లోపల ఉంది. క్లిప్ మీద రైట్ క్లిక్ కొట్టి, క్లిప్ యాట్రిబ్యూట్స్‌లో డేటా లెవెల్స్ ఫుల్ అని పెడితే తిరిగి వచ్చేస్తుంది. గ్రేడియెంట్ అడుగున అడ్డంగా పడుకుంటే మాత్రం తెగిపోయినట్టే, కెమెరా ఒరిజినల్స్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇలాంటి ఫుల్ ఫుటేజ్ ఎక్కడి నుంచి వస్తుంది? స్క్రీన్ రికార్డింగులు, కొన్ని ఫోన్లు, గ్రాఫిక్స్ వాళ్లు ఇచ్చే ఫైళ్లు. మీలో పెద్దవాళ్లకు 2008లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2 గుర్తుండే ఉంటుంది, మన పెళ్లి వీడియోల రూపమే మార్చేసింది. అది ఫుల్లోనే రికార్డు చేసేది. మొదట్లో ఆ ఫైళ్లు తెరిస్తే నీడలు తెగినట్టు కనపడేవి. కెమెరా తప్పు కాదు, చదివే సాఫ్ట్‌వేర్‌కు అలవాటు లేదు.

రెండో కొలత గామా, అంటే ఏ అంకెకు తెర మీద ఎంత వెలుగు రావాలో చెప్పే లెక్క. ఇక్కడ ఒక ప్రశ్న వచ్చింది, అడగండమ్మా.

(ప్రశ్న: సర్, నేను మ్యాక్‌లో ఎడిట్ చేస్తాను. అదే ఫైలు క్విక్‌టైమ్‌లో తెరిస్తే లేతగా ఉంటుంది, వీఎల్‌సీలో ముదురుగా ఉంటుంది. టైమ్‌లైన్లో ఉన్నట్టు దేన్లోనూ లేదు. నాలుగేళ్లుగా పడుతున్నాను. ఏది నమ్మాలి?)

చాలా మంచి ప్రశ్న. ఈ గదిలో సగంమంది దీంతోనే బాధపడుతున్నారు. ముందు మీరు ఒక్కటి గమనించండి. మీ 5 సెకన్ల క్లిప్‌ను క్విక్‌టైమ్‌లో తెరిస్తే నల్ల గడి నల్లగానే ఉంటుంది, తెల్ల గడి తెల్లగానే ఉంటుంది. బూడిద గడి మాత్రం లేతబడుతుంది. రేంజ్ తప్పయితే నలుపు కూడా కదిలేది. నలుపు కదలకుండా మధ్యలోవి తేలిపోతే అది గామా.

లోపల జరిగేది ఇది. స్టూడియోలో రిఫరెన్స్ మానిటర్ 2.4 గామాలో చూపిస్తుంది, 2011లో వచ్చిన 1886 నంబరు సిఫారసు అది. మన కంప్యూటర్ మానిటర్లు సుమారు 2.2లో ఉంటాయి. ఫైలు మీద 709 అనే ముద్ర ఉంటే మ్యాక్‌లో రంగుల లెక్క చూసే ఆపిల్ వాళ్ల కలర్‌సింక్ దాన్ని కెమెరా వైపు సూత్రం నుంచి తిరగేసి లెక్కకడుతుంది. అది సుమారు 1.96 అవుతుంది. చిన్న తేడా అనుకుంటారు. లెక్క చూడండి. 50 శాతం సిగ్నల్ ఉందనుకోండి. 2.4 గామాలో తెర మీద 19 శాతం వెలుగు వస్తుంది. 1.96లో 26 శాతం వస్తుంది. అదే అంకె, మూడో వంతుకు పైగా ఎక్కువ వెలుగు. మన చామనఛాయ ముఖాలు, పట్టు మడతల్లో నీడలు అన్నీ ఈ మధ్య ప్రాంతంలోనే ఉంటాయి. అందుకే ముఖం తేలిపోయినట్టు అనిపిస్తుంది. వీఎల్‌సీ ఆ లెక్క చేయదు, అంకెల్ని అలాగే తెర మీదికి పంపేస్తుంది. అందుకని ముదురుగా ఉంటుంది.

మీరు ఏది నమ్మాలి అన్నారు. మీ పార్టీ దేన్లో చూస్తారో దాన్ని. మన వీడియోలు 100 మంది చూస్తే అందులో మ్యాక్‌లో క్విక్‌టైమ్ తెరిచి చూసేవాళ్లు ఎంతమంది? వాళ్లు చూసేది ఫోన్లో, టీవీలో. కాబట్టి మ్యాక్ వాడేవాళ్లకు నా సలహా: రిజాల్వ్ అయితే ప్రిఫరెన్సెస్‌లో వ్యూయర్‌కు మ్యాక్ డిస్‌ప్లే ప్రొఫైల్ వాడే ఆప్షన్ ఆన్ చేసి, ఔట్‌పుట్‌ను రెక్ 709-ఏ పెట్టండి. అప్పుడు టైమ్‌లైన్లో కనపడింది, క్విక్‌టైమ్‌లో కనపడింది ఒకటవుతుంది. ప్రీమియర్ కొత్త వెర్షన్లలో వ్యూయర్ గామా అని మూడు ఎంపికలున్నాయి, 1.96 క్విక్‌టైమ్‌కు, 2.2 వెబ్‌కు, 2.4 బ్రాడ్‌కాస్ట్‌కు. నేనైతే వెలుగున్న గదిలో 2.2 పెట్టుకుని గ్రేడ్ చేస్తాను, ఒకసారి మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లో, ఒకసారి ఇంట్లో టీవీలో చూస్తాను. క్విక్‌టైమ్‌లో కొంచెం లేతగా ఉంటే ఉండనిస్తాను. మూడిట్లోనూ ఒకేలా రావాలని పట్టుబడితే మీకు ఇంకో నాలుగేళ్లు పడుతుందమ్మా. అన్నిచోట్లా సరిగ్గా ఒకేలా కనపడే ఫైలు ఎవరూ చేయలేరు. ఎక్కడా జడ పోని ఫైలు మాత్రం చేయగలం.

మూడోది రంగు. నలుపు బాగుంది, బూడిద బాగుంది, కానీ కుంకుమ సిందూరం వైపు జరిగింది. అమ్మాయి నుదుటి మీద ఎర్రటి కుంకుమ, తెర మీద ఆంజనేయస్వామి సిందూరం ఛాయ కొట్టింది. చిలకపచ్చ చీర ఒక మెట్టు ముదిరింది. ఇది ఎప్పుడొస్తుందో తెలుసా? షష్టిపూర్తి వీడియోల్లో. నలభై ఏళ్ల కిందటి పెళ్లి వీహెచ్ఎస్ క్యాసెట్ ఉంటుంది. దాన్ని డిజిటైజ్ చేయిస్తారు. అది పాల్ అనే పాత టీవీ పద్ధతి సైజు, 720 బై 576, రంగుల లెక్క 601. మనం దాన్ని ఏదో టూల్లో 1080కి పెంచి టైమ్‌లైన్లో వేస్తాం. ఆ టూల్ సైజు పెంచింది గానీ లెక్క మార్చలేదు. ముద్ర కూడా వేయలేదు. ముద్ర లేని ఫైలును చాలా ప్లేయర్లు సైజు చూసి ఊహిస్తాయి, చిన్నదైతే 601, హెచ్‌డీ అయితే 709 అని. 1080 ఉంది కాబట్టి 709 అనుకుని చదివేస్తాయి.

ఈ రెండు లెక్కల్లో తేడా ఏమిటంటే, వెలుగులో ఎరుపు వాటా, ఆకుపచ్చ వాటా వేరు. 601లో ఎరుపు వాటా 0.299, 709లో 0.2126. ఆకుపచ్చ 0.587 నుంచి 0.7152కి పెరిగింది. మన ఎర్ర గడిని 601లో రాసి 709లో చదివితే ఎరుపు 255 అలాగే ఉంటుంది, దాన్లోకి ఆకుపచ్చ 25 దాకా వచ్చి చేరుతుంది. ఎరుపులో కొద్దిగా ఆకుపచ్చ కలిస్తే నారింజ. అదే మీకు కనపడిన సిందూరం. స్వచ్ఛమైన ఆకుపచ్చ 255 ఉండాల్సింది 215కి పడిపోతుంది. నలుపు, తెలుపు, బూడిద మాత్రం ఇసుమంత కూడా కదలవు, వాటిలో రంగు అంకెలు సున్నాలు కదా. అందుకే ఈ తప్పు వేవ్‌ఫామ్‌లో పట్టుబడదు. మన బొమ్మలో ఎర్ర గడి పెట్టింది దీనికోసమే. రికార్డింగ్‌కు, లైవ్‌కు వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లతో రికార్డు చేసిన వాటిలోనూ ఇది చూస్తారు, అప్పట్లో డీఫాల్ట్ 601 ఉండేది. పెళ్లి లైవ్ స్ట్రీమింగ్ చేసేవాళ్లు అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఒకసారి చూసుకోండి, 709, లిమిటెడ్ ఉండాలి.

వాళ్ల పెళ్లినాటి కుంకుమ రంగు అది. ఆ క్యాసెట్ తప్ప వాళ్ల దగ్గర ఇంకేం లేదు. దాన్ని సరిగ్గా ఇవ్వడం మన పని.

ఈ ముద్రలు చూడటానికి మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైలు అందులో పడేస్తే కలర్ రేంజ్, కలర్ ప్రైమరీస్, ట్రాన్స్‌ఫర్ క్యారెక్టరిస్టిక్స్, మ్యాట్రిక్స్ కోఎఫిషియంట్స్ అని నాలుగు వరసలు కనపడతాయి. మొదటిది లిమిటెడ్, మిగతా మూడూ 709 ఉంటే ఎస్‌డీఆర్, అంటే మామూలు వెలుగు పరిధి ఉన్న వీడియోకు సరిపోతుంది. అసలు ఆ వరసలే లేకపోతే ముద్ర పడలేదన్నమాట. అంకెలు సరిగ్గా ఉండి ముద్ర ఒక్కటే తప్పయితే వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే టూల్‌తో ముద్ర మాత్రం మార్చవచ్చు, రెండు గంటల పెళ్లి సినిమాకు కూడా ఎంతోసేపు పట్టదు. ఆ కమాండ్ మీకు ఇచ్చిన కాగితంలో ఉంది.

లాగ్ ఫుటేజ్, అంటే తర్వాత రంగులు దిద్దుకోవడానికి కెమెరా కావాలనే చప్పగా తీసే వీడియో, దాని గురించి రెండు ముక్కలు. సోనీలో ఎస్-లాగ్3 తీసి, దాన్ని మామూలు రంగుల్లోకి మార్చే లట్ వేయడం మర్చిపోయి, వెలిసిపోయింది అంటారు. అది వెలిసిపోవడం కాదు, దాని స్వభావమే అది. ఎస్-లాగ్3లో అసలైన నలుపు 10-బిట్ లెక్కలో 95 దగ్గర కూర్చుంటుంది, 90 శాతం తెలుపు 598 దగ్గర. 709లోకి మార్చాకే మాట్లాడాలి. రెండుసార్లు లట్ పడకుండా చూసుకోండి, ఒకసారి క్లిప్ మీద, ఒకసారి టైమ్‌లైన్ మీద వేసేసి నీడలు చంపేస్తుంటారు.

ఐఫోన్ ఫుటేజ్ కూడా అంతే. 2020లో వచ్చిన ఐఫోన్ 12 నుంచి ఫోన్లు హెచ్‌డీఆర్‌లో, అంటే మామూలు కంటే ఎక్కువ వెలుగు పరిధిలో, తీస్తున్నాయి. పెళ్లికూతురి అన్నయ్య తీసిన క్లిప్పులు ఇస్తారు, 709 టైమ్‌లైన్లో వేస్తే తెలుపులు మండిపోతాయి, లేదా రంగులు చప్పబడతాయి. దాన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో సరిగ్గా ఎస్‌డీఆర్‌కు మార్చుకోవాలి, టోన్ మ్యాపింగ్ అని ఉంటుంది. ముందుగా తెలిస్తే ఇంకా మేలు, కెమెరా సెట్టింగ్స్‌లో రికార్డ్ వీడియోలోకి వెళ్లి హెచ్‌డీఆర్ ఆపేయమని వాళ్లకు చెప్పండి.

మళ్లీ నా గుంటూరు గోడ దగ్గరికి వస్తాను, దాని పరిష్కారం ఇంకా చెప్పలేదు. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు హెచ్‌డీఎంఐ అవతల ఉన్నదాన్ని టీవీ అనుకుంటే లిమిటెడ్ పంపుతుంది. గోడను నడిపే ఎల్‌ఈడీ ప్రాసెసర్ కంప్యూటర్ నుంచి ఫుల్ వస్తుందని కూర్చుంది. అంతే. దీన్ని పట్టుకోవడానికి పది సెకన్లు చాలు. వీడియో ఆపేయండి. డెస్క్‌టాప్ మీద మొత్తం నల్లటి వాల్‌పేపర్ పెట్టండి. గోడ మీద డెస్క్‌టాప్ కూడా బూడిదగా ఉంటే తప్పు కేబుల్ దారిలో ఉంది, మీ ఫైలు జోలికి పోకండి. ఎన్‌విడియా కార్డయితే కంట్రోల్ ప్యానెల్లో ఛేంజ్ రిజల్యూషన్‌లోకి వెళ్లి, ఔట్‌పుట్ డైనమిక్ రేంజ్ ఫుల్ పెట్టండి. టీవీకి పెడుతుంటే టీవీ మెనూలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అని ఉంటుంది, అక్కడా చూడండి. రెండు వైపులా ఒకటే ఉండాలి, అది ఫుల్లా లిమిటెడా అన్నది తర్వాత. డెస్క్‌టాప్ నల్లగా ఉండి వీడియో కిటికీలో మాత్రమే బూడిదగా ఉంటే ప్లేయర్‌ని గానీ, అదే కంట్రోల్ ప్యానెల్లో వీడియో కలర్ సెట్టింగ్స్‌లో ఉన్న డైనమిక్ రేంజ్‌ని గానీ చూడండి. ఇంకో ప్లేయర్లో అదే ఫైలు తెరిస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. పెన్‌డ్రైవ్ నేరుగా టీవీకి పెట్టి చూసినా తెలుస్తుంది, అప్పుడు మధ్యలో కేబులే లేదు కదా.

ఆ రోజు నాకు ఇది తెలిసి ఉంటే వెనక గదిలోకి వెళ్లేవాణ్ని కాదు. ఇప్పుడు ఫంక్షన్ హాల్‌కి వెళ్లగానే, డెకరేషన్ వాళ్లు పూలు కడుతుండగానే, మొదట నా నాలుగు గళ్ల క్లిప్ గోడ మీద వేస్తాను. ఎల్‌ఈడీ ఆపరేటర్ తమ్ముడితో కలిసి చూస్తాను. వాళ్లకు వాళ్ల ప్రాసెసర్ బాగా తెలుసు, మనం అడగాలంతే.

(ప్రశ్న: సర్, వాట్సాప్‌లో పంపితే కూడా రంగు మారుతోంది, దానికేం చేయాలి?)

వాట్సాప్ మళ్లీ తనకు కావాల్సినట్టు నొక్కేస్తుంది తమ్ముడూ. అప్రూవల్ కోసం పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. వాళ్ల ఫోన్లో స్క్రీన్ మోడ్ వివిడ్‌లో ఉందా నేచురల్‌లో ఉందా అని కూడా అడగండి. ముఖం ఎర్రగా ఉందని ఫోన్ వస్తే సగంసార్లు అదే. రాత్రిపూట చూస్తే స్క్రీన్ పసుపు వైపు తిరిగే ఫిల్టర్ ఆన్‌లో ఉండొచ్చు, ముందు అది ఆపి చూడమనండి.

ఆ గుంటూరు పార్టీకి నేను మళ్లీ ఫైలు చేసి పట్టుకెళ్లాను. మొదటి ఎక్స్‌పోర్టే, ఏమీ మార్చలేదు. వాళ్ల హాల్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టాం. పాట సగంలో అమ్మాయి వెనక్కి తిరిగి నడిచే షాట్ ఉంటుంది. వాళ్లమ్మగారు లేచి టీవీ దగ్గరికి వెళ్లి, జడ మీద వేలు పెట్టి, "ఇదిగో, నేనే అల్లాను" అన్నారు.

సరే, ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు తెరవండి. నాలుగు గళ్ల బొమ్మ మీకు పంపాను. మీరు మామూలుగా పార్టీకి ఇచ్చే సెట్టింగ్స్ ఏవైతే ఉన్నాయో వాటితోనే ఎక్స్‌పోర్ట్ చేయండి, ఏమీ మార్చకండి. నలుపు 6 మీద ఎవరికి వచ్చిందో వాళ్లు చెయ్యెత్తండి, నేను మీ దగ్గరికి వస్తాను.